ఇంట్లోనే ఉంటాను

ఆసుపత్రి వరండాలో ఆమె దగ్గు కాస్త సద్దుమణిగేదాకా నర్సు ఆగింది.

"ఏం పని చేస్తావమ్మా?"

"పనేం లేదు సిస్టరమ్మా. ఇంట్లోనే ఉంటాను."

"దూరం నుంచి నీ తల నెరిసిందనుకున్నాను. తీరా చూస్తే దూది! ఎక్కడిదిది?"

"ఇదా? షాపువాళ్లు గలీబులు, దూది ఇచ్చి వెళ్తారు. దిండ్లు కూరి ఇస్తాను. పొద్దున కూర్చుంటే మళ్లీ పొయ్యి వెలిగించేదాకా అదే."

"అది పని కాదా తల్లీ?"

"పనంటే బయటికెళ్లి చేసేది కదమ్మా. మా అక్కా దగ్గుతో వెళ్లి డాక్టరుగారికి అలాగే చెప్పింది. ఇంట్లో కూర్చునే మనిషికి ఇంత దగ్గేమిటని ఆయన నవ్వి, దగ్గుమందు సీసా ఇచ్చి పంపారు."

"దూది సంగతి చెప్పలేదా?"

"ఆయన అడగలేదు. మాకు తట్టనూ లేదు."

"సరే, రేపు అక్కని కూడా వెంటబెట్టుకుని రా. ఇద్దరికీ ఊపిరితిత్తుల పరీక్ష చేయిద్దాం."

ఆమె జుట్టులోని దూది ఒక్కొక్క పోగే తీసి గుప్పిట్లో పెట్టుకుంటోంది.

"అక్క పోయి ఏడాదైందమ్మా. పడుకుంటే ఊపిరాడేది కాదు. చివరి రోజుల్లో వెనక దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. ఆ దిండ్లూ తను కూరినవే."