ఆ ఇద్దరి పేర్లు

సాయంత్రం ఎడిషన్‌కి ఇంకా అరగంటే ఉంది. పొద్దున గోడ కూలిన చోటి నుంచి ఆసుపత్రికీ, అక్కణ్ణుంచి ఆఫీసుకీ పరిగెత్తుకొచ్చిన రిపోర్టరమ్మాయి కూర్చోలేక, పేజీ పెడుతున్న డెస్కు పెద్దాయన బల్ల చుట్టూ తిరుగుతోంది.

“స్టోరీ పంపావా?”

“పంపాను అన్నా. రెండొందల మాటలు.”

“ఇద్దరే కదా పోయింది? అందులో అంత స్టోరీ లేదమ్మా. నాలుగు లైన్లు చాలు.”

“మరి స్పృహ లేకుండా ఉన్న మూడో అతను?”

“అతనికేమైనా అయితే స్టోరీ పెరుగుతుంది. అప్పుడు మొదటి పేజీకెక్కిద్దాం.”

“పెరగడానికి అదేమన్నా సొరపాదా? పొద్దున మంత్రిగారి జలుబు పెద్ద స్టోరీ అన్నావు. మధ్యాహ్నం కాలువ స్టోరీ చచ్చిపోయిందన్నావు. నీకింకో మాటే రాదా?”

“ముప్ఫై ఏళ్లుగా ఈ ఒక్క మాటతోనే నెట్టుకొస్తున్నా. నువ్విలా తిరుగుతుంటే నా కళ్లు తిరుగుతున్నాయి, కూర్చో.”

ఫోన్ మోగింది. ఆసుపత్రి నర్సు. ఎత్తబోతూ, మొదటి పేజీలో చోటెక్కడుందా అని తన చూపే తెర మీద వెతకడం ఆమెకు తెలిసింది. చప్పున చూపు తిప్పుకుని ఫోన్ ఎత్తింది.

“ఏమంటోంది? స్టోరీ పెరిగిందా?”

“లేదు. కళ్లు తెరిచాడట.”

“హమ్మయ్య. అయితే నాలుగు లైన్లే.”

“తెరవగానే, మిగతా ఇద్దరూ ఎలా ఉన్నారని అడిగాడట. చెప్పడానికి అక్కడెవరికీ నోరు రావడం లేదట.”

పెద్దాయన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. నాలుగు లైన్లూ చెరిపేశాడు.

“ముందు ఆ ఇద్దరి పేర్లు చెప్పమ్మా.”