పత్తి కింద ఒత్తు

"అది చెడిపోవడం కాదు ఇమ్మానియేలూ, సరిగా కనపడకపోవడం. రెండిటికీ తేడా ఉంది."

చీరాలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కాలేజీ లెక్చరర్ జ్యోతిర్మయి తన ఇంటి ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని, చిలకలూరిపేట నుంచి వచ్చిన పాత శిష్యుడితో అంటున్న మాట ఇది.

"ఒత్తు ఊడిపోతే చెడిపోవడం కాదా మేడమ్?"

"లావక్షరాల్లో ప్రింటు తీసినప్పుడేగా ఊడేది?"

"కరపత్రం పైన లావక్షరాలేగా ఉండేది! పత్తి అని కొడితే పతి అని వస్తోంది."

"చూశాను. నవ్వుకున్నాను కూడా."

"నవ్వొచ్చిందా మీకు?"

"కోపం తెచ్చుకోకు. రూలు నాది కాదు. ఇది ఊరికే వచ్చే సాఫ్ట్‌వేరు, దేశదేశాల వాళ్లు కలిసి రాస్తున్నారు. ఒకసారి స్టేబుల్, అంటే ఇక కదపకూడని కూర్పు అని విడుదల చేశాక అందులోకి ఏ దిద్దుబాటు రావాలన్నా అడుగుతారు. మిషను ఆగిపోతోందా? ఫైలు పోతోందా? నీది రెండూ కాదు."

"మరి ఎప్పుడు పెడతారు?"

"వచ్చే కొత్త విడుదలలో. ఏడాదిన్నర పట్టొచ్చు."

"ఏడాదిన్నరా!"

"చిన్న దిద్దుబాటైతే నేనే తోసేద్దును. నువ్వు రాసి పంపినదేమో ఎక్కడెక్కడో కెలికింది. పెట్టి చూశాను. ఒత్తు నిలబడింది, నిజమే. పాత ఫైళ్లలో లైన్లు కిందికి జారాయి. ఎవరిదో పుస్తకం పేజీలన్నీ కదిలిపోతే? తెలుగు సంగతి చూసుకోమని నన్ను నమ్మి అప్పగించారు. ఒక్కసారి తప్పితే ఇంక నా మాట వినరు."

"పేజీలు మళ్లీ సర్దుకోవచ్చండీ."

"సరే, మీ రైతు కేంద్రం నడిపే పేరయ్య గారేమంటున్నారు?"

"ఆయనదేముందిలెండి."

"పోయినసారి కస్సుమన్నారన్నావుగా."

"అంటాడు. అంటూనే ఉంటాడు. కరెంటు పోయేలోపు ఇది చూడండి మేడమ్."

"నువ్వేదో దాస్తున్నావు."

"దాచేదేముంది... కరపత్రం మీద 'పత్తికి పురుగుమందు ఎప్పుడు కొట్టాలి' అని వేశాను. ఏమని అచ్చయిందో మీకు తెలుసుగా."

"పతికి పురుగుమందు."

"కేంద్రంలో ఒకటే నవ్వు. వెంకటరావమ్మ అయితే, 'మా ఆయనకి ఎన్ని మూతలు పొయ్యాలయ్యా' అంది. ఇంకా నవ్వు. కోటిరత్నం అని ఒకావిడ మాత్రం నవ్వలేదు. కాగితం మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది."

"ఎందుకూ?"

"వాళ్లాయన పోయినేడు చేలోనే ఆ మందు తాగాడు మేడమ్."

"అయ్యో!"

"నాకు తెలీదండీ. తెలిసుంటే పెన్ను పెట్టి ఒత్తులు దిద్దేవాణ్ణి."

"ముందే చెప్పొచ్చుగా ఈ మాట!"

"వాళ్లు అడిగేవాటిలో ఇది లేదుగా."

"జరుగు. ఆ కీబోర్డు ఇటివ్వు."

"ఏం రాస్తున్నారు?"

"నా పూచీ మీద రాస్తున్నా. లైన్లు జారినా సరే, ఈ దిద్దుబాటు ఇప్పుడే స్టేబుల్‌లోకి వెళ్లాలని. చిలకలూరిపేటలో ఒక రైతు కేంద్రం దీని మీదే నడుస్తోంది, జనం ఆ కాగితాలు చూసే మందు కొట్టుకుంటున్నారు..."

"కేంద్రం సంగతి రాయకండి మేడమ్."

"బలమంతా అందులోనే ఉందయ్యా! అది లేకపోతే మనిద్దరి ముచ్చట అనుకుంటారు."

"అది కాదండీ, నేను చెప్పేది..."

"ఉండు, ఉండు, ఇంటర్నెట్ లైను కలిసింది. ఇప్పుడు తెగితే మళ్లీ ఎప్పటికో. ఇదిగో... వెళ్లిపోయింది. ఒప్పుకుంటారు, నేనెప్పుడూ ఇట్లా అడగలేదు. పేరయ్య గారితో చెప్పు, కొత్త సీడీ పట్టుకుని నేనే వస్తానని."

"కేంద్రం మూసేసి నెలయింది మేడమ్. తెలుగులో ఈ సాఫ్ట్‌వేరు వాడేది ఇప్పుడు నేనొక్కణ్ణే."