ఐర్లాండు రాతి సమాధిలో సువర్ణరాజు

నూజివీడు బస్టాండు పక్క టీకొట్లో సువర్ణరాజు గ్లాసు అందుకున్నాడంటే ఇక ఐర్లాండు కబుర్లే. మిషను బంగళాలో వంటవాడు. కిందటేడు, ఎనభై ఐదులో, ముసలి ఫాదరుగారు ఐర్లాండులోని తన సొంతూరు చూడ్డానికి వెళ్తూ తోడుగా తీసుకెళ్లారు.

"పచ్చికబయలు మధ్య పేద్ద మట్టిదిబ్బండీ, దాని కింద రాతి సమాధి, ఐదువేల ఏళ్లనాటిదట! పాక్కుంటూ పోవాలి. టార్చి పుచ్చుకుని ఫాదరుగారు ముందు, వెనకాల నేను."

"భయమెయ్యలేదూ?" అన్నాడు మామిడికాయల వ్యాపారి ప్రభాకరరావు.

"భయమా, నాకా? సగం పోయామో లేదో టార్చి ఆరిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మెడమీద ఎవరో ఊపిరి వదిలారండీ, చల్లగా!"

టీ కలుపుతున్న కమల చెయ్యి ఆగిపోయింది. సువర్ణరాజు వీపు కూడా జలదరించింది. ఆ ఊపిరి మాట మాత్రం అబద్ధం కాదు. గాలో, మరేంటో. దాన్ని తలుచుకోలేక గొంతు పెంచాడు.

"చూస్తే ఎముకల మనిషి, తాడిచెట్టంత!"

"పాక్కుంటూ పోయేచోట తాడిచెట్టెట్టా పట్టిందయ్యా?" అన్నాడు ప్రభాకరరావు.

"మడతపడి కూర్చున్నాడండీ! చెయ్యి పట్టి గుంజితే ఊడొచ్చింది, దాంతోనే వాణ్ణి బాదాను. ఈలోపు వాడి వంశమంతా లేచింది, నలభైమంది! పైన బండ, లారీ అంతుంటుంది, అది కూలుతుంటే వీపుతో ఆపి, ఫాదరుగార్ని చంకలో పెట్టుకుని, వాళ్లని తన్నుకుంటూ..."

"చంకలో పెట్టుకునా?" వెనక బల్ల మీంచి వినబడింది. చర్చిలో గంటకొట్టే ఇన్నయ్య. ఎప్పుడొచ్చాడో సువర్ణరాజు చూడనేలేదు.

"టార్చి ఆరగానే నువ్వు ఆయన్ని వదిలేసి బయటికి పారిపోయావట కదా? ఆయాసంతో ఆయన లోపలే పడిపోయారట కదా?"

ఆరోజు దిబ్బ బయట గడ్డిమీద చెవులు మూసుకుని కూర్చున్నా వినబడిన "రాజూ, రాజూ" అనే పిలుపు సువర్ణరాజుకి మళ్లీ వినబడింది.

"ఫాదరుగారు ఇంకేం చెప్పారు?" అన్నాడు మెల్లగా.

"కాసేపటికి కళ్లు గట్టిగా మూసుకుని, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, మళ్లీ పాక్కుంటూ లోపలికొచ్చావట. బయటికి లాగింది నువ్వేనట."

ప్రభాకరరావు ముందుకి వంగాడు. "ఇంత జరిగితే, ఆ ముక్క చెప్పవేంటయ్యా?"

"ఎముకలోళ్ల సంగతైతే ఎన్నిసార్లైనా చెబుతానండీ," అన్నాడు సువర్ణరాజు. "అది చెప్పాలంటే మళ్లీ లోపలికి పోవాలి."