నైరుతి గోడ లోతు

పెంటయ్య అబద్ధమాడతాడని అనకూడదు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లకది కనిపిస్తుంది. కనిపించనిది వినేవాళ్లకే.

తెల్లాపూర్‌లో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు ముందు ఆయన భార్య భాగ్యమ్మది చాయ్ బండి. పెంటయ్యది రంగుల పని. ఇళ్లలో హాలు గోడల మీద టేపు అంటించి, గీత చెదరకుండా, నిజంగా లోతున్నట్టు కనిపించే త్రికోణాలూ డబ్బాలూ తేనెపట్టు గదులూ వేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ అంటించే స్టిక్కర్లు వచ్చినప్పటి నుంచి ఆయన్ని పిలిచేవాళ్లే లేరు. కుంచెలు బండి కింద సంచిలో ఎండుతున్నాయి, ఆయన బండి పక్కన స్టూలు మీద ఎండుతున్నాడు.

ఎట్టకేలకు ఒక గోడ తగిలేలా ఉంది. రాజమండ్రి నుంచి వచ్చి ఆ గేటు లోపల కొత్తగా ఫ్లాటు కొన్న బాలాత్రిపురసుందరిగారు, తమ హాలు గోడ పెంటయ్యకివ్వాలా, స్టిక్కరు అబ్బాయికివ్వాలా తేల్చుకోవడానికి పొద్దున్నే బండి దగ్గరికి వస్తానన్నారు. "అడిగినదానికి ఊ అను, లేకుంటే ఊహూ అను. ఇంకో మాట నోట్లకెల్లి వచ్చిందా, చూడు మరి" అని భాగ్యమ్మ ఇంట్లోనే గట్టిగా చెప్పి తెచ్చింది.

ఆవిడ వచ్చారు. చాయ్ అందుకుని, "ఇలాంటివి ఇదివరకు వేశారా అండీ?" అని అడిగారు.

ఊ అంటే అయిపోయేది.

"ఏదో చిన్నది ఒకటేసిన లేమ్మా" అన్నాడు పెంటయ్య.

భాగ్యమ్మ చివాలున ఆయన వైపు తిరిగింది. చిన్నది అని మొదలైన కథ ఏదీ ఇంతవరకు అవుటర్ రింగు రోడ్డుకు ఇవతల ఆగలేదు.

"కొండాపూర్ల లోహిత్ సారని ఉండె, కంప్యూటర్ల పని, జర నా గోడకు డబ్బాలెయ్యి పెంటయ్యా అన్నడు, సరే అని డబ్బా మీద డబ్బా, డబ్బా పక్కన డబ్బా ఏసుకుంట పోయిన, ఒక దిక్కు ఎండ, ఒక దిక్కు నీడ, టేపు పీకెటాల్లకు డబ్బాలన్ని గోడలకెల్లి బయటికొచ్చి నిలవడ్డయి, సారు ఆఫీసుకెల్లొచ్చి లాప్‌టాప్ తీస్కపోయి డబ్బా మీద పెట్టిండు, దబ్బున కిందవడ్డది."

"పలిగిందా మామా?" అన్నాడు క్యాబు నడిపే మహేశ్.

"పలగదా మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారి సారు ఇంట్ల కూసోని మీటింగు పెడితే, పెద్దసారు తెర మీద చూసి, లోహిత్, నీ యెనక గన్ని అర్రలేందయ్యా, మహలు కొన్నవా, ఇగ నీకు ప్రమోషనెందుకు అన్నడట."

"అయ్యో పాపమే" అన్నాడు గేటు వాచ్‌మన్ తిమ్మప్ప.

భాగ్యమ్మ గరిటెతో గిన్నె అంచు మీద టంగున కొట్టింది. పెంటయ్యకు అది కథకు తాళమేసినట్టే వినిపించింది.

"గంతకూ సారు ఊకోలే, పండుకునే అర్రల ఇంకింత లోతుండాలె అన్నడు, ఏసిన, ఇగ ఆ లోతు ఏం చెప్పాలె, పక్కింటి పిల్లి వచ్చి అడుగు వరస డబ్బాల ఈనింది, కూనలు ఒకటే ఒర్రుడు, చెయ్యి పెడితే సంక దాంక పోతది గని పిల్లి అందది."

"మరి పాలెట్ల పోసిండ్రు?" అన్నాడు మహేశ్.

"గిన్నెను కట్టెకు కట్టి లోపలికి నూకిండ్రు, నడుమల అడ్డం మాట్లాడకురా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కుంచె లోపల మర్సిపోయిన. తెచ్చుకుందామని ఒంగి దూరిన. ఒక డబ్బా దాటితే ఇంకో డబ్బా, అది దాటితే ఇంకోటి, కరెంటు లేదు, ఫోనుకు సిగ్నలు లేదు, నడుస్తున్న, నడుస్తున్న, నడుస్తుంటే ఎక్కడ్నో పోపు వాసనొచ్చింది. వాసన పట్టుకొని పోయి తలుపు నూకితే ఎవరిదో వంటిల్లు! ఇది ఏ ఊరు తల్లీ అంటే బాచుపల్లి అన్నది. మంచామె, పులిహోర పెట్టింది. తిని ఆటోల వచ్చిన."

"మళ్ల గోడలకెల్లే రావద్దా?" అన్నాడు తిమ్మప్ప.

"అది వన్ వే రా!"

మహేశ్, తిమ్మప్ప పడిపడి నవ్వారు. పెంటయ్య మీసం సర్దుకున్నాడు. బాలాత్రిపురసుందరిగారు మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టారు.

"పనికిరాదండి" అన్నారు.

"ఏందమ్మా?"

"మాది నైరుతి గోడండీ. నైరుతిలో పల్లం ఉండకూడదు, ఇంటాయనకి మంచిది కాదు. మా సిద్ధాంతిగారు ఆ మూల బీరువా పెట్టి మరీ బరువు చేయించారు. మీరేమో బాచుపల్లి దాకా తవ్వేస్తానంటున్నారు. స్టిక్కరుకి లోతుండదుగా, ఆ అబ్బాయికే చెప్తాను లెండి."

ఆవిడ లేచారు. కాదన్నవాళ్లనూ నవ్వినవాళ్లనూ పెంటయ్య ఎందరినో చూశాడు. నమ్మిన మనిషిని చూడటం ఇదే మొదలు. బిత్తరపోయి భాగ్యమ్మ వైపు చూశాడు.

"నువ్వు తవ్విన గుంతనే, నువ్వే పూడ్సుకో" అంది ఆమె, చాయ్ పొంగు మీది చూపు తిప్పకుండా.

"అమ్మా, జర కూసో. లోతేం లేదమ్మా."

"లేదా? మరి పిల్లి ఈనిందన్నారు?"

"సోఫా కింద ఈనింది."

"బాచుపల్లి వెళ్లింది?"

"బస్సుల పోయిన."

"పులిహోర?"

"పులిహోర తిన్నది నిజమే. మా సడ్డకునింట్ల, మా మరదలు పెట్టింది."

"అయితే గోడ మీద చెయ్యి పెడితే?"

"గోడే తగుల్తదమ్మా. ఒట్టి రంగు. అమ్మతోడు, పలక తీరు సాపుగ ఉంటది."

ఆ మాటలు ఆయన నోట్లోంచి పన్ను పీకినట్టు వచ్చాయి. ఆవిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నారు. కొంగు పైన కళ్లు నవ్వుతుండడం భాగ్యమ్మ చూడనే చూసింది.

"సరే, గురువారం మంచిది, రండి. కుంచె మాత్రం మా గోడలో మర్చిపోకండేం" అని, ఆవిడ గేటు వైపు నడిచారు.

పెంటయ్య బండి కింది సంచి తీసి, ఒక కుంచె అందుకుని, బొటనవేలితో దాని వెంట్రుకలు విడదీయసాగాడు. మొహంలో వెలుగొచ్చింది.

"ఏందే మామా, పలక తీరా?" అన్నాడు మహేశ్.

"సాపంటే అట్లాంటి ఇట్లాంటి సాపు గాదురా! ఒక్కపారి మదీనాగూడల ఒక గోడ ఎంత సాపుగ ఏసిన్నంటే, బల్లి పాకబోయి సర్రున జారి..."

ఆవిడ ఇంకా గేటు దాటలేదు. భాగ్యమ్మ సీసాలోంచి ఉస్మానియా బిస్కెట్ తీసి ఆయన నోట్లో కుక్కింది.