తడిబట్టల బకెట్

డాబా మెట్ల దగ్గర అత్తగారు కోడలి చేతిలోని తడిబట్టల బకెట్ లాక్కుంది.

"బరువులు ఎత్తకు. నీకు నెల తప్పిందని నాకు తెలియదనుకున్నావా?"

"నెల తప్పడం నాకు కొత్తా అత్తయ్యా? పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి నెలసరి సరిగా రాదని డాక్టరమ్మ మీ ముందేగా చెప్పింది? పొద్దున పరీక్ష కూడా చేసుకున్నాను. ఏమీ లేదు."

"అయ్యో. నిన్ననే పెద్దమ్మాయికి ఫోన్ చేసి శుభవార్త చెప్పేశానే."

"వదినకా? ఇంకేం, ఊరంతా దండోరా వేసినట్టే."

"పోనీ, కాదని నువ్వే మెల్లగా చెప్పవే. నాకు నోరు రాదు."

"పెళ్ళైనప్పటి నుంచీ అడిగినవాళ్ళందరికీ లేదు, ఇంకా లేదు అని చెప్పీ చెప్పీ నా నోరరిగిపోయింది. బకెట్ ఇటివ్వండి, నేను మోసుకుంటాను. ఆ ఫోన్ మాత్రం మీరే చెయ్యండి."