విమానంలో బోణీ

శంషాబాద్ విమానాశ్రయం. గోవా వెళ్లే విమానం తలుపులు మూశారు. జనగామలో రంగుల దుకాణం నడిపే రాజయ్య, ఆయన భార్య సునంద పక్కపక్క సీట్లలో ఉన్నారు.

"గట్ల అరచెయ్యి ముంగటికి పెట్టకు. ముందు సీటాయన రెండుసార్లు ఎన్కకు తిరిగి సూసిండు."

"సూడనీ సునందా. ఆగు, వీడియో కాల్ కలిసింది. అరేయ్ శ్రీకర్, కనవడుతున్ననా?"

"మెల్లగ. నీ గొంతు ఉత్తగనే భూపాలపల్లి దాకా వినవడ్తది, ఫోనెందుకు?"

"భూపాలపల్లిల కొత్త దుకాణం తెరుస్తుంటే మెల్లగ మాట్లాడాల్నా? పది నలభై రెండుకు మూర్తం. ఇంకా ఆరు నిమిషాలున్నది."

"పంతులు వచ్చే గురువారం గూడ మంచిదే అన్నడు గద. గప్పుడు పెట్టుకుంటే మనమే పోయి తెరుస్తుంటిమి."

"పెండ్లిళ్ల సీజను. అందరూ ఇండ్లకు రంగులేసుకుంటున్నరు. వారం దినాలు మూసిపెడ్తమా?"

"గట్లయితే గోవ మానుకోవాలె."

"కంపెనీ డీలర్లను ఫిరీగ తోలుకపోతాంటె మానుకుంటరా ఎవలన్న? నేను తోలుకపోతున్న కాబట్టి నువ్వు విమానం ఎక్కినవు. గది మరువకు."

"మన కొడుకు శ్రీకర్ ఉన్నడు గద ఆడ. వాడే తెరుస్తడు."

"కొబ్బరికాయ వాడే కొడ్తడు. బోణీ మాత్రం నా చేతుల మీదనే గావాలె. జనగామల ముప్పై ఏండ్ల సంది గదే."

"చెయ్యి ఈడున్నది. దుకాణం ఆడున్నది."

"అందుకే గద చెయ్యి ఫోనుకు పెట్టింది. ఆడ మన పనోడు లచ్చయ్య రంగు డబ్బా తెచ్చి ఫోనుకు ముట్టిస్తడు. నా చెయ్యి తగిలినట్టే. గప్పుడు గిరాకికి ఇస్తడు."

"జర నీ మోకాలు జరుపు."

"ఏం దేవులాడుతున్నవు?"

"వాంతి సంచి."

"మూడు సీట్ల సంచులూ మన బ్యాగుల పెట్టిన. ఫిరీయే గద."

"సార్, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మీకు చెప్పడం ఇది మూడోసారి."

"పెడ్తనమ్మా. నువ్వు మంచి ఎయిర్‌హోస్టెస్‌వు. బోణీ కాంగనే పెడ్త. నాలుగు నిమిషాలు."

"విమానం రన్‌వే మీదకి వెళ్లాలి సార్."

"పోనీయమ్మా, నేను వద్దంటున్ననా? జర నిమ్మలంగ పోనీయి. నేల మీదున్నంత సేపు సిగ్నల్ వస్తది."

"స్పీకర్ కూడా ఆన్‌లో ఉంది. అందరికీ ఇబ్బందిగా ఉంది."

"బాజాల సప్పుడు గది. మంచిదే గద, అందరు వినొచ్చు."

"ఈయన గింతే బిడ్డా. పోయిన నెల మా తమ్మునికి ఆపరేషన్ అయితే, డాక్టర్ను ఆపి ఫోన్ల దేవుని బొమ్మ సూపెట్టిండు."

"ఆపరేషన్ మంచిగనే అయ్యింది గద."

"నిన్ను బైటికి ఎల్లగొట్టినంక అయ్యింది."

"అరేయ్ శ్రీకర్, హారతి ఫోనుకు దగ్గర పట్టు. ఇంకా దగ్గర. సునందా, నువ్వు గూడ కండ్లకు అద్దుకో."

"నేను అద్దుకోను. నాకు చీదర పుడ్తున్నది."

"హారతంటే చీదరా?"

"హారతంటే కాదు."

"సార్, కెప్టెన్ చెప్పారు. ఫోన్ ఆపుతారా, దిగుతారా? మీ కోసం విమానం ఆగిపోయింది."

"దిగుడేందమ్మా? నేను డీలర్ను. కంపెనీ మర్యాదగ పిలిస్తే వచ్చిన. ఎవలనన్న అడుగు."

"అయితే ఆపండి."

"రెండే నిమిషాలు. లచ్చయ్యా, డబ్బా ఎత్తు. మూత దిక్కు కాదు, బొమ్మ దిక్కు తిప్పు."

"మెట్లు తెప్పిస్తున్నాం సార్. మీ బ్యాగ్ తీసుకోండి."

"తెప్పియ్యమ్మా, తెప్పియ్యి. నేను దిగితే ఈమె గూడ దిగుతది. ఒక్కతి యాడికి పోతది? గప్పుడు కంపెనీకి నువ్వే జవాబు చెప్పుకో."

"మేడమ్, మీరు కూడా దిగుతున్నారా?"

"నేనెందుకు దిగుత బిడ్డా? రెండు దుకాణాలూ నా పేరు మీదనే ఉన్నయి. డీలర్ను నేను. గాయన నా వెంబడి వచ్చిండు."