రెండు బుట్టల ఇలిష్

ఏటండీ రఘురాం గారూ, చేపలు కొనడం కూడా నేరమైపోయిందా? విచారణ కమిటీ అంటే నా ఫోను అడుగుతారనుకున్నాను. మా అమ్మ చేపల బుట్ట అడుగుతారని కలలో కూడా అనుకోలేదు.

కాలు చాపుకోవచ్చా? అబ్బే, ఏం లేదు. ఊరికే.

కమిటీలో తెలుగు వచ్చినవారు మీరొక్కరే, అదీ బ్యాంకు ఆఫీసరు. అందుకే మీకు చెబుతున్నాను. మిగతా పెద్దలతో బెంగాలీలో చెబితే బతిమాలుతున్నట్టుంటుంది.

మా అమ్మ జగ్గమ్మ టికియాపారా బజార్లో చేపలమ్ముతుంది. నాన్న రైల్వేలో ఉన్నప్పటి నుంచీ అదే చోటు. మీకు తెలియనిదేముంది, ఊళ్ళో రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు తలపడే డెర్బీలో మన క్లబ్బు గెలిస్తే మనవాళ్ళు రొయ్యలు వండుకుంటారు. అవతలివాళ్ళు గెలిస్తే వాళ్ళు ఇలిష్, అదే మన పులస, వండుకుంటారు. మా అమ్మ అమ్మేది ఇలిష్. ఆమె కొడుకు ఆడేది రొయ్యల జట్టుకి. దేవుడు తీరిగ్గా కూర్చుని రాసిన రాత.

నేను బాగా ఆడితే మర్నాడు మూడు పూటలా మా ఇంట్లో ఇలిషే. అమ్ముడవదు కదా. తొమ్మిది డెర్బీలు ఆడాను, ఐదు గెలిచాం. గెలుపంటే నాకు ముళ్ళు గుర్తొస్తాయండి.

దేశం తరఫునా? నాలుగు మ్యాచ్‌లు. ఒక గోలు కూడా ఉంది, మన గోల్‌కీపర్‌ని దాటించి మన వలలోకే కొట్టాను. మా పేటలో దాన్నీ లెక్కలో వేసి మిఠాయిలు పంచారు.

అయినా మళ్ళీ పిలిచారు. వచ్చే సోమవారం నుంచి క్యాంపు. ముప్పై ఒకటో ఏట పిలుపొస్తే ఎవడు కాదంటాడు?

సరే, మొన్న ఆదివారం డెర్బీ సంగతికొద్దాం. ఆట ముగియబోతుండగా వాళ్ళ వింగర్ నా ఎడమ పక్కనుంచి వెళ్ళి గోలు కొట్టాడు. ఈ ఉమామహేశ్ స్తంభంలా నిలబడ్డాడన్నారు. నిజమే. వీడియోలో చూశాను, నాకంటే కార్నర్ జెండా చురుగ్గా కదిలింది.

ఆ పొద్దున్నే మా అమ్మ ఎప్పుడూ తెచ్చే ఒక్క బుట్టకి బదులు రెండు బుట్టల ఇలిష్ తెచ్చిందనీ, ఓడిపోయాక రెండూ ఖాళీ అయ్యాయనీ ఎవరో మీ చెవిన వేశారు. కొడుకు మ్యాచ్ అమ్ముకున్నాడు, తల్లి చేపలమ్ముకుంది. బాగానే అతికింది. కమిటీలో నేనున్నా అదే అనుకునేవాణ్ణి.

ఆమె ఊహించి తెచ్చిందేమో అంటారా? కాదండీ. నేనే చెప్పాను.

కలం పెట్టేయండి సార్, ముందు వినండి.

ఎడమ మోకాలు. నెల నుంచీ ఇంతే. డాక్టరు గారి ముందు నవ్వుతూ గుంజీలు తీశాను, బయటికొచ్చి గోడ పట్టుకున్నాను. చెబితే క్యాంపు పోతుంది. క్యాంపు పోతే, నా వయసుకి క్లబ్బులో మాత్రం ఎవరుంచుకుంటారు? అందుకే ఎవరికీ చెప్పలేదు. ముందురోజు అమ్మ కాపడం పెడుతుంటే మాత్రం నోరు జారాను. ఎడమవైపు తిరగలేకపోతున్నానే అన్నాను.

ఇంకో తల్లయితే ఏడుస్తుంది, లేదా మొక్కుకుంటుంది. మా అమ్మ వేడిగుడ్డ పిండి దండెం మీద ఆరేసి, "అయితే రేపు రెండు బుట్టలెత్తాల," అంది.

నేను ఆడుతుంటే కూడానా అమ్మా, అన్నాను.

"నువ్వు ఆడతన్నావనే గదరా."

అదండీ మేం చేసిన మ్యాచ్ ఫిక్సింగ్.

ఇప్పుడు మీ ఇష్టం. దొంగ అని రాస్తే నిషేధం, కుంటివాడు అని రాస్తే ఇంటికి. రెండు దారులూ టికియాపారాకే. రెండోదే రాయండి. కావాలంటే ఇప్పుడే స్కాన్ తీయించండి. క్యాంపుకి రానని నేనే ఫోన్ చేసి చెబుతాను. ఆమె బుట్ట జోలికి మాత్రం పోకండి.

వచ్చే డెర్బీకి నేనుండనని పొద్దున్నే ఆమెకి చెప్పేశాను. ఖాళీ బుట్ట బోర్లించి దులుపుతూ కూర్చుంది. బాధపడిందేమో అనుకున్నాను.

మరైతే ఎన్ని బుట్టలు తేవాలో తనకెలా తెలుస్తుందని అడిగింది.